అరవై ఒక్క మందికి అత్తగారు

ఇందుమూలంగా ఎనిమిదో సొరంగంలోని సమస్త ప్రజానీకానికి తెలియజేయడమేమనగా, అన్నాల గదిలో గిన్నె పట్టుకుని నిలబడిన మనుషుల వెనక చేరి ఎవరూ "బావా" అని అరవరాదు. నిన్న అలా అరిచినందువల్ల పందొమ్మిది మంది ఒకేసారి వెనక్కి తిరిగారు, మూడు గిన్నెల చారు గాల్లోకి లేచింది. చంద్రుడి మీద చారు లేచిందంటే తొందరగా దిగదు. ఆఖరి బొట్టు మేస్త్రీ మద్దిలేటి బట్టతల మీద వాలడానికి ఎంతసేపు పట్టిందో తేల్చడానికి ఒక సంఘం వేయడమైనది. ఆ సంఘానికి అధ్యక్షుడూ సభ్యుడూ టీ కాచేవాడూ నేనే. అరిచింది కూడా నేనే.

ఇట్లు, పిల్లా నూకరాజు, వరసల గుమాస్తా, ఇంటరు రెండుసార్లు తప్పినవాడు.

నమోదు 1

ఈ రిజిస్టరులో ముందు పేజీలు కంపెనీవి. ఎవరికి ఎవరు ఏమవుతారో అక్కడ రాస్తాను. వెనక పేజీలు ఖాళీ, అంచేత అవి నావి.

ఇక్కడ మంచు తవ్వుకుని బతికేవాళ్ళం నాతో కలిపి అరవై ఒక్క మందిమి. మగవాళ్ళు నలభై ఎనిమిది, ఆడవాళ్ళు పదమూడు. ఒకరికొకరు రక్తసంబంధం లేదు. ఒక జిల్లావాడి మాట ఇంకో జిల్లావాడికి సగమే తెలుస్తుంది, మిగతా సగం ఊహించుకుని కొట్టుకుంటారు. బయట పనిలో ఉన్నప్పుడు హెల్మెట్లలో రేడియోలే దిక్కు. మొదట్లో అందరి మాటా అందరి చెవుల్లోనూ పడేది. అరవై మంది గొణుగుడు, దగ్గు, కూనిరాగాలు. నెల తిరక్కుండానే ఒకడు తన హెల్మెట్‌ని తనే సుత్తితో కొట్టుకున్నాడు. తర్వాత, పేరు పెట్టి పిలిస్తే ఆ మనిషికే మాట వెళ్ళేలా మార్చారు. మా దగ్గర వెంకటేశ్వర్లు పదకొండు మంది. ఒక సుత్తి అడిగితే పదకొండు సుత్తులు వచ్చాయి. అప్పుడు మద్దిలేటి, మనం ఎప్పుడు పేర్లతో పిలుచుకున్నాం గనక, వరసలు కలుపుకుంటే పోతుంది కదా అన్నాడు.

అలా వచ్చింది వరసపెట్టె. మద్దిలేటిని నాకు బావగా నేను రిజిస్టరులో రాస్తే, నా హెల్మెట్లో నేను "బావా" అన్న మాట మద్దిలేటి చెవిలోనే పడుతుంది. పెట్టెలో ఒక మనిషికి ఒక్కడే బావ, ఒక్కడే పెద్దబావ, ఒక్కడే చినమావ. ప్రతి మాటా వరసతో మొదలవ్వాలి. లేకపోతే పెట్టె దాన్ని గొణుగుడు కింద కొట్టేస్తుంది.

ప్రమాదం వస్తే నొక్కడానికి ఒక ఎర్రమీట కూడా ఉండేది. అది నొక్కితే అందరి చెవుల్లోనూ మోగేది. దాన్ని నొక్కి నేను మూడుసార్లు జోలపాట పాడాను. నాలుగోసారి పాడదామంటే మీట పీకేశారు.

నమోదు 2

భూమ్మీద నుంచి ఒక డాక్టరు దిగింది. పేరు సుదక్షిణ. ముప్పై నాలుగేళ్ళుంటాయి. ఏ జబ్బూ నయం చెయ్యదట, భాషా డాక్టరట. మనం ఎలా మాట్లాడతామో, ముఖ్యంగా హెల్మెట్లలో ఎలా పిలుచుకుంటామో రాసుకుని పోతుందట. వంటశాల పెద్ద కొమురమ్మకి ఈ సంగతి చెప్పాను. కొమురమ్మ నాకు అక్క వరస.

"మన మాటలు రాసుకపోయి ఏం జేస్తది తమ్మీ, కూరండుతదా?" అంది.

మొదటి రోజే ఆ డాక్టరు మద్దిలేటిని కుర్చీలో కూర్చోబెట్టి, మూతి ముందు అద్దం పెట్టి, "ఆ పొడుగాటి మనిషి మా చెల్లెలి గొడుగు కొరికాడు" అన్నదాన్ని మీ ఊళ్ళో ఎలా అంటారో చెప్పమంది.

"మా ఊర్లో అట్ల ఎవురూ కొరకరు తల్లీ," అన్నాడు మద్దిలేటి.

కొరికాడనుకోండి, అంది ఆమె. ఎందుకు కొరుకుతాడు, తిండి లేకనా, అన్నాడు ఇతను. పోనీ చించాడనుకోండి, అంది. మీ ఇంట్లో మొగపిల్లలున్నారా అని అడిగాడు. లేరంది. మొగపిల్లలు లేని ఇంట్లో ఆ పొడుగోడికేం పని, ముందు ఆ సంగతి తేల్చమన్నాడు. గంట గడిచింది. గొడుగుకి ఏమీ కాలేదు. ఆఖరికి ఆమె కళ్ళు మూసుకుని, పాయసం రుచి చూసినట్టు మొహం పెట్టి, మీ 'చ' చాలా బాగుందండీ, నేరుగా పళ్ళ వెనక నుంచి వస్తోంది, అంది. యాభై ఐదేళ్ళ మేస్త్రీ సిగ్గుతో ఎర్రబడ్డాడు. రెండు రోజులు 'చ' ఉన్న మాట పలకలేదు. చారు కావాలంటే వేలు చూపించాడు.

నాకు ఈ డాక్టరు తెగ నచ్చింది. నాకు నచ్చిన వాళ్ళని నేను ఊరికే వదలను.

ఇక్కడ దిగిన ప్రతి మనిషికీ వరస రాయాలి. సాయంత్రం ఆమె నా గది కిటికీ ముందుకు వచ్చింది. ఏ వరస రాయమంటావమ్మా అని అడిగాను. "మీ ఇష్టమండీ, ఏదైనా ఫర్వాలేదు," అంది. ఈ మాట ఇక్కడ జాగ్రత్తగా రాసిపెడుతున్నాను. మీ ఇష్టం అంది.

నా ఇష్టం ఏమిటంటే, ఆమెని అరవై ఒక్క మందికీ అత్తగారిగా రాశాను. నలభై ఎనిమిది మంది అల్లుళ్ళు, పదమూడు మంది కోడళ్ళు. యాభై ఎనిమిదేళ్ళ కొమురమ్మ ఆమెకి కోడలు. మద్దిలేటి ఆమెకి అల్లుడు. పెట్టె మీద ఎర్ర గీత వెలిగింది, ఒకే పిలుపుకి పలువురు ఉన్నారు, కలపడం కుదరదు అని. ఎర్ర గీతలు నేను రోజూ చూస్తాను. సరే అన్న మీట నొక్కాను. లోపల కూర్చుని కాగితాలు రాసుకునే మనిషికి రేడియోతో పనేముంది.

తర్వాత ఆచారం వివరించాను. మా సొరంగంలో అత్తగారికి ఎవరూ ఎదురుపడరు, కళ్ళలోకి చూడరు, నేరుగా మాట్లాడరు. అత్తగారూ అంతే. చెప్పాల్సింది గోడకో స్తంభానికో గరిటెకో చెప్పాలి, అది రెండోవాళ్ళు విన్నట్టు నటించాలి. గుమాస్తాకి ఒక్కడికే మినహాయింపు, అదీ కిటికీ తలుపు మూసి ఉంచితేనే.

మా ముసలమ్మ అల్లుడు వస్తే తలుపు చాటుకి వెళ్ళేది, అంతవరకు నిజం. మిగతాదంతా అప్పటికప్పుడు నా నోట్లో పుట్టింది.

ఆమె మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. ఇలాంటివి ఎక్కడో దూరపు దీవుల్లో ఉన్నాయని చదువుకుందట. తెలుగులో ఇంత గట్టిగా ఇంకా బతికి ఉందా అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఉందన్నాను. పలక తీసి అంతా రాసుకుంది. మనిషికి పిచ్చి కుక్కని చూపించి ఇది జింక అంటే, అది కరిచేలోపు కొమ్ములు కూడా కొలుచుకునేటంత చదువు ఆమెది.

అదే సాయంత్రం లోపలున్న అందరి దగ్గరికీ తిరిగి నాటకం చెప్పి వచ్చాను. కాదన్నవాడు ఒక్కడు లేడు. ఇక్కడ మంచు తప్ప చూడటానికి ఏముంది.

నమోదు 3

అన్నాల గదిలో నడిమి స్తంభం పక్కన ఆమెకి చోటు. ఇవాళ స్తంభంతో ఇలా అంది:

"స్తంభంగారూ, పెద్దల్లుడుగారు ఉప్పు అందిస్తారేమో కాస్త కనుక్కోండి."

ఉప్పు డబ్బా మద్దిలేటి చేతిలోనే ఉంది. మనిషి గోడవైపు తిరిగి, గరిటెని మొహం ముందు నిలబెట్టుకున్నాడు.

"గరిటమ్మా, అత్తమ్మకి చెప్పు. ఉప్పు అయిపాయె. రేపటికి గానీ రాదంట."

డబ్బా తిరగేసి తన చారులో గుప్పెడు వేసుకున్నాడు. అంత ఉప్పు తిన్నందుకు రాత్రంతా నీళ్ళు తాగి ఉంటాడు, కానీ ఆ క్షణంలో అతని మొహం చూడాలి. బల్లల కింద కాళ్ళు తొక్కుకుంటూ నవ్వు ఆపుకున్నాం. ఆమె చప్పిడి కూడు తింటూ, అల్లుడు లేదనడానికి 'అయిపాయె' వాడాడని రాసుకుంది.

పదమూడు మంది ఆడవాళ్ళకి నాటకం నేర్పనక్కర్లేకపోయింది. అత్తాకోడళ్ళు మొహాలు చూసుకోకుండా ఉండటానికి నేను కొత్తగా ఆచారం పుట్టించాలా.

నమోదు 4

పన్నెండో రోజు. నాలుగు వందల ఉదాహరణలు పోగయ్యాయట. భూమికి వ్యాసం పంపింది, వాళ్ళు అచ్చు వేసుకుంటామన్నారు. కిటికీ తలుపు అవతల నిలబడి ఆ సంగతి తలుపుకి చెప్పింది. గొంతు కొంచెం బొంగురుపోయింది. మాట్లాడి కాదు, మాట్లాడక.

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు, నేరుగా చెప్పకూడదు కదా, అంది. స్తంభానికి చెప్పండి, అందజేస్తుంది, అన్నాను.

వెళ్ళబోతూ ఒక సంగతి అడిగింది. ఈ కట్టుబాటు ఎప్పటికైనా సడలుతుందా అని. మొదటి మనవడు పుట్టాక అత్తగారు పలకరించవచ్చు, అన్నాను. రాసుకున్న చప్పుడు వినిపించింది.

నమోదు 5

ఇరవై రెండో రోజు.

"నేను గదిలోకి రాగానే నవ్వులు ఆగిపోతున్నాయండీ," అంది తలుపుతో. "అది కూడా ఆచారమేనా?"

అవునన్నాను.

"ఎందుకడిగానంటే, ఒక్కోసారి ఎవరూ లేనప్పుడు కూడా నేను స్తంభంతోనే మాట్లాడుతున్నాను."

మంచి అలవాటే అన్నాను. వెళ్ళిపోయింది. ఈ నాటకంలో నేను అనుకోకుండా జరుగుతున్నది ఒకటుంది. మొదటి సాయంత్రం బయట పనిలో ఉండిపోయిన ఇద్దరు కుర్రమేస్త్రీలకి ఇది వేళాకోళమని ఎవరూ చెప్పలేదు. వాళ్ళు నిజమే అనుకుంటున్నారు. ఆమె నడవలో ఎదురైతే భక్తిగా గోడకి తిరుగుతున్నారు. నిన్న మద్దిలేటి కూడా, చూసేవాళ్ళు ఎవరూ లేని చోట, గోడకి తిరగడం చూశాను. ఏం బావా అంటే, "ఏమో బా, అలవాటైపాయె, ఆమె మొగం జూడాలంటే ఏదో మాదిరి ఉండాది," అన్నాడు.

నమోదు 6

ఇరవై తొమ్మిదో రోజు. హెల్మెట్లలో పిలుచుకునే తీరు వినాలి కాబట్టి తవ్వకం దగ్గరికి వెళ్తానని ఆమె అర్జీ పెట్టింది. రిజిస్టరులో వరస ఉంది కాబట్టి నియమం ప్రకారం వెళ్ళొచ్చు. సంతకం పెట్టాల్సింది నేను.

కొమురమ్మ నా గదిలోకి వచ్చి తలుపేసింది. ఆమె నాటకంలో ఉన్నది మొదటి వారమే. తర్వాత ఆ అమ్మాయి కంచంలో ఎవరూ చూడకుండా ఉప్పు వేస్తోందని నాకు తెలుసు.

"తమ్మీ, బయటికి పోయినంక గా పిల్ల ఎవల్ని పిలుస్తది? అల్లుడా అంటె నలభై ఎనిమిది మంది. పెట్టె ఎవలికి కలుపుతది?"

ఎవరికీ కలపదు, అన్నాను.

"మరి మార్చు. ఒక్క వరస ఇయ్యి. ఆటలు సాలు."

మారుస్తానన్నాను. మార్చడానికి ఒక్క గీత కొట్టి ఒక్క మాట రాస్తే చాలు. కానీ అలా చేస్తే ఆచారమంతా అబద్ధమని ఆమెకి తెలిసిపోతుంది. భూమ్మీద వాళ్ళు వేసుకున్న వ్యాసం సంగతి ఏమవుతుంది, ఆమె పరువేమవుతుంది, అని కొమురమ్మతో అన్నాను. ఇది నేను ఆమె మేలు కోరి చెప్పినట్టు వినిపించింది. నా చెవులకి కూడా.

అసలు సంగతి వేరు. బయట తవ్వకం దగ్గర అత్తగారు వెనకా నలుగురు అల్లుళ్ళు ముందూ, ఒక్కడూ వెనక్కి తిరక్కుండా నడుస్తుంటే ఎలా ఉంటుందో తెర మీద చూడాలనుకున్నాను. తిరిగొచ్చాక మారుద్దాం అనుకున్నాను. ఆమె మీ ఇష్టం అంది కదా, నా ఇష్టం ఇంకా తీరలేదు.

సంతకం పెట్టాను.

నమోదు 7

ముప్పై నాలుగో రోజు. ఇది చూసినదీ పెట్టె రాసుకున్నదీ కలిపి రాస్తున్నాను.

ఉదయం ఎనిమిది గంటల అయిదు నిమిషాలకి మద్దిలేటి ముఠా బయల్దేరింది. అతనితో ముగ్గురు, వెనక పది బారల దూరంలో ఆమె. ఆరు గంటల గాలి. నేను తెర ముందు పల్లీలు తింటూ కూర్చున్నాను. అనుకున్నట్టే ఒక్కడూ వెనక్కి తిరగలేదు. నడక నలభై నిమిషాలు. నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు వచ్చాయి. మలుపు దాటాక తెర మీద కనపడరు. టీ తాగుదామని లేచాను.

తొమ్మిదీ నలభైకి, మంచు మోసే నాలుగో బండి దగ్గర మంచు పెళ్ళ విరిగి ఆమె గోతిలో పడింది. లోతు మూడు నిలువులు. బండి వెనక ఉన్న ఆ గొయ్యి, అటు తిరిగి చూస్తేనే కనపడుతుంది.

ఒంటిగంటకి ముఠా తిరిగొచ్చింది. తిరుగుదారిలో తల లెక్క చూసుకునే పద్ధతి మాకు ఒకటుంది. మేస్త్రీ ఒకర్ని వరసతో పిలుస్తాడు, ఆ మనిషి పలికి ఇంకొకర్ని పిలుస్తాడు, అలా చివరివాడు మళ్ళీ మేస్త్రీని పిలిచేదాకా. నలుగురు పిలుచుకున్నారు, నలుగురూ పలికారు. లెక్క సరిపోయింది. అత్తగారిని ఎవరూ పిలవరు కాబట్టి ఆమె లెక్కలో లేదు. వెనక్కి తిరిగి చూడలేదా అని తర్వాత మద్దిలేటిని అడిగాను. చూడకూడదు కదా, అన్నాడు. అన్నాక, తను ఏమన్నాడో తనకే వినిపించినట్టుంది, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఒకటిన్నరకి అందరం తింటున్నాం. ఆ అమ్మాయి కంచంలో ఇంకా ఉప్పు వేయలేదని కొమురమ్మకి తట్టింది. గరిటె చేతిలో పట్టుకునే స్తంభం అవతలికి వెళ్ళి చూసింది.

మళ్ళీ దుస్తులు వేసుకోవడానికి పదిహేను నిమిషాలు, నడక నలభై నిమిషాలు. రెండూ ఇరవై అయిదుకి గోతి దగ్గరికి చేరాం. ఆమె గాలి రెండూ అయిదుకి అయిపోయింది.

ఎముక ఒక్కటి విరగలేదు. రాసుకునే పలక ఒళ్ళో ఉంది.

నమోదు 8

పెట్టె కొట్టేసిన మాటల పట్టీ రిజిస్టరులో ఎక్కించి, అన్నాల గదిలో అంటించడం కూడా నా పనే. ఆమె పిలుపులు నలభై నాలుగు. పక్కన పెట్టె ఇచ్చుకున్న కారణాలు ఉన్నాయి.

మొదటి ముప్పై ఒకటి "అల్లుడుగారూ". ఒకే పిలుపుకి పలువురు, కలపలేదు.

తర్వాత నాలుగు "కోడలా". ఒకే పిలుపుకి పలువురు, కలపలేదు.

"మద్దిలేటిగారూ", "నూకరాజుగారూ", "కొమురమ్మగారూ". వరస కాదు, గొణుగుడు.

"ఎవరైనా". వరస కాదు, గొణుగుడు.

పదకొండూ యాభైకి, గోతి గోడతో అయి ఉండాలి: "గోడగారూ, అల్లుడుగారు ఈ పక్కగా వస్తే, ఇక్కడ ఒకరు పడిపోయారని కాస్త చెప్పండి." గొణుగుడు. అదే మాట మళ్ళీ మూడుసార్లు. మూడోసారి 'కాస్త' లేదు.

చచ్చిపోయేముందు కూడా నా ఆచారం తప్పలేదు ఆ తల్లి. మొండిపట్టు పట్టి చదువుకుంది దాన్ని. నేను ఇంటరులో అంత శ్రద్ధ పెట్టి ఉంటే ఇవాళ భూమ్మీద గుమాస్తాగా ఉండేవాణ్ణి.

ఆఖరిది ఒంటిగంటా నలభైకి. "వదినా". రిజిస్టరులో లేని వరస, గొణుగుడు.

నమోదు 9

భూమి నుంచి విచారణాధికారి వచ్చాడు. దారిలో ఆమె వ్యాసం చదువుకుని వచ్చాడు. పచ్చిగా చెప్పాలంటే బట్టీ పట్టి వచ్చాడు. నా గదిలో కూర్చుని, నాకు వీపు పెట్టి, బల్ల మీద టీ ఫ్లాస్కు వైపు తిరిగాడు. అత్తగారు పోయిన ఇంటి అల్లుళ్ళని పరాయివాడు నేరుగా పలకరించకూడదని ఆయనే ఊహించుకున్నాడు. ఆ నియమం నేను కూడా పుట్టించలేదు. ఆచారం తన కాళ్ళ మీద తను నిలబడింది.

"ఫ్లాస్కుగారూ, ఈ వరస ఎవరు కోరారో గుమాస్తాగారిని అడగండి," అన్నాడు గంభీరంగా.

నేను ఫ్లాస్కుతో, ఆమెనే అడిగాను బాబూ, మీ ఇష్టం అంది, అన్నాను.

మరి కలపలేని వరసకి ఎందుకు ఒప్పుకున్నారో కనుక్కోండి, అన్నాడు. ఆచారం ముందు యంత్రమెంత అని ఫ్లాస్కుకి చెప్పాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. వీపు కదలడం చూసి తెలుసుకున్నాను.

విచారణ తీర్పు వారానికి వచ్చింది. గుమాస్తా తప్పు లేదు. మేస్త్రీ తప్పు లేదు. స్థానిక సంస్కృతి పట్ల గౌరవంతో ఇకమీదట అన్ని సొరంగాల్లోనూ అత్తగారి వరసకి రేడియో కలపకుండా పెట్టెలు మార్చడమైనది. ఆమె వ్యాసానికి ఏదో పతకం ఇచ్చారట, స్తంభం దగ్గర పెట్టమని ఆ పతకం బొమ్మ పంపారు. ఏడో సొరంగంలో అప్పుడే ఇద్దరు ఆడవాళ్ళని ఉన్నవాళ్ళందరికీ అత్తగార్లుగా రాశారని విన్నాను. అక్కడి గుమాస్తా నాకంటే బాగా చదువుకున్నవాడు.

మద్దిలేటి ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడటం లేదు. 'చ' ఉన్నదీ లేనిదీ కూడా.

నమోదు 10

కొమురమ్మ నాతో మాట్లాడటం మానేసింది. మానేసిందంటే, గరిటెతో మాట్లాడుతోంది. ఇవాళ నా కంచంలో అన్నం పెట్టి, గరిటెని నా మొహం మీదికి ఎత్తి పట్టుకుంది. గదిలో అరవై మంది వింటున్నారు. గరిటెలకీ స్తంభాలకీ చెప్పడం అలవాటైపోయింది కదా, వాటికి చెప్పింది వినడం కూడా అంతే.

"గంటె, ఈ గుమాస్తాను అడుగు. గా పిల్లకు అన్నలు లేరు, తమ్ముళ్ళు లేరు. పానం పొయ్యేటప్పుడు వదినా అని ఎవల్ని పిలిసింది?"

పానం పోయేటప్పుడు మనుషులు ఏదో పలవరిస్తారు, అన్నాను.

"ఆ పిల్ల నీ దగ్గర ఏం వరస అడిగింది?"

మీ ఇష్టం అంది, అన్నాను.

గరిటె చాలాసేపు అక్కడే ఉంది. దాని మీంచి చారు బొట్టు ఒకటి నెమ్మదిగా జారి, ఎంతకీ కంచంలో పడలేదు. తర్వాత ఆమె వెళ్ళిపోయింది. అన్నంలో ఉప్పు లేదు.

నమోదు 11

నలభై తొమ్మిదేళ్ళుగా నేను అబద్ధాలాడి నవ్వించాను. ఈ పేజీల్లో కూడా ఎర్రమీట, చారు, గొడుగు, స్తంభం, ఫ్లాస్కు, అన్నీ జరిగినవి జరిగినట్టే రాశాను. ఒక్కటే కల్పించాను. ఆ ఒక్కటీ అవసరమైనప్పుడల్లా మళ్ళీ మళ్ళీ రాశాను, విచారణలో చెప్పాను, గరిటెకి కూడా చెప్పాను.

ఆమె మీ ఇష్టం అనలేదు. కొత్త ఆడమనిషికి ఇక్కడ అత్తగారి వరసే ఆచారమని ఆమెని వెనక్కి పిలిచి చెప్పింది నేను.

మొదటి రోజు కిటికీ ముందు నిలబడి, నేను అడగకముందే అడిగింది. వదినా మరదళ్ళు ఒకర్నొకరు ఆటపట్టించుకుంటారు కదండీ, మా ఇంట్లో నాకు ఆ వరసే లేదు, కొమురమ్మగారికి మరదలుగా రాయండి, ఒక్కరు చాలు, అంది. ముందు పేజీలో అలాగే రాశాను. పెట్టెలో ఎర్ర గీత రాలేదు. ఆమె నడవ మలుపు తిరిగేదాకా ఆగి, కొట్టేశాను.